సాల్మన్ అన్న రెండు క్యాసెట్లు

మొన్న కావలిలో బస్సు దిగి ఇంటికి రావడానికి ఆటో ఎక్కాను. వెనక సీటు కింద పెట్టె స్పీకరు ఉంది. డ్రైవరు పాట పెట్టగానే దాని దెబ్బ సీటులోంచి నడుములోకి, నడుములోంచి పక్కటెముకల్లోకి పాకింది. పక్కన కూర్చున్న ఇద్దరు కాలేజీ పిల్లలు ఏవో రెండు ర్యాప్ ఆల్బమ్‌ల గురించి గట్టిగా వాదులాడుకుంటున్నారు. ఏది గొప్ప, దేన్ని విని తర్వాతివాళ్ళంతా నేర్చుకున్నారు అని. "ఏం మాట్లాడతా ఉండావురా, అది లేకపోతే ఇది యాడిది?" అన్నాడు ఒకడు. ఆ మాటకు నేను ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. వాడు నా ముఖం చూసి, "సౌండు తగ్గించమనేదా అమ్మా?" అన్నాడు. వద్దన్నాను. నా భయం సౌండుకు కాదు. ఆ వాదనను నేను ఇరవై ఏళ్ళ పైచిలుకు కిందట, చేపలు పట్టే మా పాలెంలో, సాల్మన్ అన్న మైకుసెట్టు గదిలో విన్నాను. అది ఎక్కడిదాకా పోయిందో కూడా చూశాను.

సాల్మన్ అన్న మా పాలెం మనిషి కాదు. బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టాడు. వాళ్ళ నాన్నకు రైల్వేలో ఉద్యోగం ఉండేది, ఈయనకు రాలేదు. ఒక ఆంప్లిఫయరు, రెండు గొట్టం మైకులు, రెండు పెద్ద బాక్సులు, ఒక టేప్ రికార్డరు తీసుకొచ్చి మా రోడ్డు మీద గది అద్దెకు పట్టాడు. మేము గుడికి పోయేవాళ్ళం, ఆయన చర్చికి పోయేవాడు. అమ్మవారి జాతరకూ ఆయన మైకే, క్రిస్మస్ కూటాలకూ ఆయన మైకే. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మైకు ముట్టుకునే ముందు మంచినీళ్ళతో చేతులు కడుక్కొని తువ్వాలుతో తుడుచుకోవాల్సిందే. "ఉప్పు చేత్తో పట్టుకుంటే మైకు లోపల్లోపలే చచ్చిపోద్ది" అనేవాడు. పిడుగంటే భయం, తెగిన వైరంటే భయం, పోయిన కరెంటు మళ్ళీ వచ్చే క్షణమంటే భయం. అది దాచుకునేవాడు కాదు. మా పాలెంలో మగవాళ్ళు అలల మీద నిలబడి బతికేవాళ్ళు, భయమన్న మాటే నోట రానివ్వరు. భయమేస్తుందని నవ్వుతూ చెప్పిన మగవాణ్ణి నేను మొదటిసారి చూసింది సాల్మన్ అన్ననే.

నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. పద్దెనిమిదేళ్ళకు పెళ్ళయి ఆ పాలేనికి వచ్చాను. నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. "దీని నోరు పుట్టింట్లో పెట్టి పంపినారు" అని మా అత్త అందరికీ చెప్పి నవ్వేది. మా ఆయన తెల్లవారక ముందే బోటులో వేటకు పోయేవాడు. ఆయన ఒడ్డుకు వచ్చేదాకా నాకు భయమే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్కడ ఏ ఆడదీ చెప్పదు, చెబితే సముద్రం వింటుందంటారు. పని అయ్యాక వల తీసుకొని సాల్మన్ అన్న వరండాలో కూర్చొని చిరుగులు కట్టుకునేదాన్ని. అక్కడ నీడ ఉండేది, ఏదో ఒకటి మోగుతూ ఉండేది. మోగుతున్నంతసేపు నా మనసు కాస్త ఊరుకునేది.

ఆ రెండు క్యాసెట్లు ఆయనకు ఓడలో పనిచేసే చిన్ననాటి స్నేహితుడు ఇచ్చాడు. ఒకదాని అట్ట మీద నల్ల చొక్కాలు వేసుకున్న ముగ్గురు మనుషులు నిలబడి ఉంటారు. రెండోదాని మీద ఒక్కడే, టోపీ కళ్ళ మీదికి లాక్కొని గోడకు ఆనుకొని కూర్చుని ఉంటాడు. పేర్లు మాకు నోరు తిరగవు. అందుకని ముగ్గురి క్యాసెట్టు, ఒంటోడి క్యాసెట్టు అనేవాళ్ళం. ముగ్గురి దాంట్లో దెబ్బ భయంకరంగా ఉండేది. బాక్సుల్లో పెడితే వరండా మెట్టు మీద నీళ్ళ చెంబు వణికేది. ఒంటోడి దాంట్లో పెద్ద వాయిద్యమేమీ లేదు. వెనక చిటికెలాంటి తాళం, దాని మీద వాడు ఊపిరి తీసుకుంటున్నాడో లేదో తెలియకుండా మాట్లాడుతూనే ఉండేవాడు. "దీన్ని ర్యాప్ అంటారమ్మా. పాట కాదు, తాళం మీద నడిచే మాట" అని సాల్మన్ అన్న నాకు చెప్పాడు.

మా ఆయనకు ముగ్గురంటే ప్రాణం. సాల్మన్ అన్నకు ఒంటోడంటే ప్రాణం. మా ఆయన పేరు నేను ఇక్కడ కూడా చెప్పడం లేదు, ఏమనుకోకండి. మాలో భార్య భర్త పేరు పలకదు, పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందంటారు. సాయంత్రమయ్యేసరికి వాళ్ళిద్దరి మధ్య పంచాయితీ మొదలయ్యేది. ఏది వినడానికి బాగుందన్నది కాదు వాళ్ళ లెక్క. ఏది విన్నాక లోకం మారింది, అది.

"మొన్న జాతరలో మనోళ్ళు తప్పెట ఎట్ట కొట్టినారన్నా? అచ్చం ముగ్గురి దెబ్బ! ఎవురు నేర్పినారు వాళ్ళకి? నీ గది ముందర నిలబడే గదా నేర్చుకున్నారు?" అనేవాడు మా ఆయన.

"దెబ్బ ఎవుడైనా కొడతాడబ్బయా, రోకలి కూడా కొడతాది. రాగం లేకుండా ఉత్త మాటతో మనిషిని కూర్చోబెట్టినోడు ఈ ఒంటోడు. తర్వాత వచ్చినోళ్ళంతా వీడి బిడ్డలే. ఒడ్డున చేపల వేలం పాడే మన పోలయ్య మామను చూడు, ఈ మధ్య ఎట్ట అందుకుంటా ఉండాడో!"

"పోలయ్య మామ నీ ఒంటోడు పుట్టకముందు నుంచీ అట్నే పాడతా ఉండాడు. వాడే ఓడెక్కి వచ్చి మామ దగ్గర నేర్చుకోని పోయుంటాడు!"

వరండా అంతా నవ్వేది. సాల్మన్ అన్న కూడా నవ్వేవాడు. "నవ్వబాకన్నా. చర్చిలో వాక్యం చదివేటప్పుడు నీ తలకాయ ఊగతా ఉందని పెద్దాయన కోప్పడినాడంట గదా?" అని మా ఆయన ఇంకోటి వేసేవాడు. నేను మాత్రం వలలో తల దూర్చి అన్నీ లోపలికి తీసుకునేదాన్ని.

ఒకరోజు ఎవరూ లేరు. కరెంటు పోయింది, టేపు ఆగింది. ఆగిన చోటి నుంచి ఒంటోడి మాటలు నా నోట్లోంచి వాటంతట అవే వచ్చేస్తున్నాయని నాకు తెలియదు. వల కడుతూ గొణుగుతున్నాను. తలెత్తేసరికి సాల్మన్ అన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. "ఆపొద్దమ్మా. అర్థం తెలుసా నీకు?" అన్నాడు. తెలియదన్నాను. "అర్థం తెలీకుండా క్యాసెట్టులో మిగిలిన పక్క మొత్తం అప్పజెప్పినావే! రమణమ్మా, నీకు నోరు లేదన్నోళ్ళకి చెవుల్లేవు" అన్నాడు. చిన్నప్పుడు బళ్ళో అప్పజెప్పలేక దెబ్బలు తిన్నదాన్ని. నాకూ ఒక విద్య ఉందని నాతో అన్న మొదటి మనిషి ఆయన. ఆ రాత్రి మా ఆయనకు చెప్పలేదు. ఒంటోడి పక్షాన చేరానంటాడని.

మాఘమాసంలో ఒక సాయంత్రం వాదన ముదిరింది. నవ్వులతో మొదలయినదే. ఒక మాటకు సాల్మన్ అన్న, "నీకుండేవి చెవులు కాదబ్బయా, చేప మొప్పలు" అన్నాడు. పదిమంది పగలబడి నవ్వారు. మా ఆయన నవ్వలేదు. లేచి తువ్వాలు దులుపుకొని, "ఆ ముగ్గురే గొప్పని ఒప్పుకొని నీ చేత్తో నువ్వే ఆ క్యాసెట్టు పెట్టిన రోజు వస్తా. అప్పటిదాకా నీ గడప తొక్కితే నన్ను అడుగు" అని వెళ్ళిపోయాడు. సాల్మన్ అన్న మెట్టు దిగి రెండడుగులు వేసి, "అబ్బయా, ఉత్తమాటకు అన్నానబ్బా" అన్నాడు. ఈయన తిరిగి చూడలేదు. మరునాడు తెల్లవారక ముందే వేటకు పోయాడు.

ఆ రోజు తెల్లవారింది కానీ వెలుగు రాలేదు. తలుపు తీస్తే ఎదురుగా గోడ కట్టినట్టు మంచు. చెయ్యి చాపితే వేళ్ళు కనబడటం లేదు. అలల మోత ఎటునుంచి వస్తున్నదో తెలియడం లేదు, అన్ని పక్కలా సముద్రమే ఉన్నట్టు ఉంది. మా వాళ్ళు తాటిచెట్ల వరసనూ చర్చి గోడ తెలుపునూ గుర్తు పెట్టుకొని ఒడ్డుకు వస్తారు. అవి కనబడకపోతే వాగు సముద్రంలో కలిసే మొగ వైపు కొట్టుకుపోతారు. అక్కడ నీళ్ళ కింద ఇసుక దిబ్బ ఉంది. దాని మీద అల విరిగితే బోటు తలకిందులే. మిగతా బోట్లు మంచు కమ్మకముందే ఒడ్డుకు తగిలాయి. రానివి రెండు. ఒకటి మా ఆయన బోటు. రెండోది కాంతమ్మక్క కొడుకు సుధాకర్ తెప్ప, వాడు ఒక్కడే పోయాడు. ఆడవాళ్ళం ఒడ్డున నిలబడ్డాం. ఎవరూ ఏడవడం లేదు. కాంతమ్మక్క నా చెయ్యి పట్టుకుంది, ఆమె వేళ్ళు నా వేళ్ళకంటే చల్లగా ఉన్నాయి.

సాల్మన్ అన్న రిక్షా బండిలో గొట్టం మైకు, చేతి మైకు, ఆంప్లిఫయరు, టేప్ రికార్డరు, బ్యాటరీ వేసుకొని ఇసుకలో లాక్కుంటూ వచ్చాడు. కరెంటు లేదు, బ్యాటరీ మీద బాక్సులు నడవవు. శబ్దం వింటే ఒడ్డు ఎటుందో వాళ్ళకు తెలుస్తుందని ఆయన ఆలోచన. గొట్టాన్ని సముద్రం వైపు తిప్పి కట్టాడు. జేబులోంచి క్యాసెట్టు తీశాడు. ముగ్గురిది. నా వైపు చూసి, "ఇది మోగితే వస్తానన్నాడుగా" అన్నాడు.

అది మోగింది. కానీ చెంబును వణికించిన ఆ దెబ్బ లేదు. గొట్టంలోంచి ఎండుటాకులు తొక్కినట్టు చిటచిట తప్ప ఏమీ రావడం లేదు. ఆయన సౌండు పెంచాడు, గొట్టం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "వింటాడు, వింటాడు" అని తనలో తాను అనుకుంటున్నాడు. ఎంత దూరం వినబడుతుందో చూడటానికి మా అత్త ఒడ్డు వెంబడి మొగ వైపు నడిచి పోయింది. చాలాసేపటికి మంచులోంచి ఆమె ముఖం ఒక్కసారిగా బయటికి వచ్చింది. "దోమ మోతంత కూడా లేదు నాయనా. ఆ ఇసుక గట్టు దాటితే ఏం వినబళ్ళా" అంది. సాల్మన్ అన్న ముగ్గురి క్యాసెట్టు లాగేశాడు. అప్పుడు ఒంటోడి క్యాసెట్టు వేశాడు. ఆ గొంతు గొట్టంలోంచి కత్తిలా బయటికి పోయింది. మా అత్త మళ్ళీ పరుగెత్తింది. దూరం నుంచి ఆమె కేక: "వినబడతా ఉందీ!"

ఒడ్డున అందరం ఊపిరి తీసుకున్నాం. ఒక పక్క అయింది, రెండో పక్క తిప్పాడు. అది సగానికి రాగానే గొంతు సాగింది, వంకర పోయింది, ఆగిపోయింది. మూత తీస్తే క్యాసెట్టులోని టేపంతా చక్రాలకు చుట్టుకొని ఉంది. అప్పుడు వచ్చిన నిశ్శబ్దం ఎలాంటిదో నేను చెప్పలేను. వినబడుతున్న గొంతు పట్టుకొని ఎవరో చీకట్లో నడుస్తూ వస్తుంటే, మనం ఆ గొంతును పుటుక్కున తెంపేసినట్టు.

సాల్మన్ అన్న మైకు తీసి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు ఆయన చేతులు కడుక్కోలేదు. "నా గొంతు బొంగురు, దూరం పోదు. నీది పోద్ది. మాట్లాడు" అన్నాడు.

"నాకు భయమన్నా. గొంతు రాలా."

"నాకూ భయమే. చూడు నా చేతులు. అది పోయినాక మాట్లాడదామంటే ఈ రోజుకి కాదు. అది కింద కొట్టుకుంటానే ఉంటాది, కొట్టుకోనీ. నువ్వు దాని మీద మాట్లాడు. ముందు వాడి పేరు పెట్టి పిలువు."

పేరు రాలేదు. ఆ పూట కూడా రాలేదు. ఆయన ఆయుష్షు నీళ్ళ మీద వేలాడుతున్నప్పుడు నేను పేరు పలికి ఒక్క రోజైనా ఎలా తగ్గిస్తాను? నోరు తెరిస్తే ఒంటోడి మాటలు వచ్చాయి. టేపు ఆగిన చోటి నుంచి, అర్థం తెలియని ఆ మాటలే. అవి అయిపోయాయి. సాల్మన్ అన్న వేళ్ళతో బ్యాటరీ మీద తాళం వేస్తూ, "ఆపొద్దు, ఏదో ఒకటి, ఆపొద్దు" అన్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఇంట్లో సంగతులు మొదలుపెట్టాను. పొయ్యి మీద సంగటి చేసి దించానని, గోడకు కొట్టిన మేకు ఊడిందని, మీ అమ్మ నా నోరు గురించి అన్నవన్నీ నాకు గుర్తున్నాయని. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు నీ చెప్పు తెగితే మా నాన్న చెప్పులు వేసుకుపోయావు, ఇంకా తిరిగి ఇవ్వలేదని. ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు. నేను ఆగలేదు.

ఎంతసేపయిందో తెలియదు. ఇంజను చప్పుడు వినబడింది. కళ్ళు తెరిస్తే మంచులోంచి మోకాలి లోతు నీళ్ళలో మా ఆయన నడుచుకుంటూ వస్తున్నాడు. తర్వాత చెప్పాడు, సముద్రం మధ్యలో భార్య ఇంగ్లీషులో తిడుతున్నట్టు వినబడి తను చచ్చిపోయానేమో అనుకున్నాడట. చెప్పుల సంగతి విన్నాకే ధైర్యం వచ్చిందట. కానీ అప్పుడు నాకు అవేవీ తెలియవు. నా కాళ్ళు వాటంతట అవే ఆయన వైపు కదిలాయి. మైకు కింద పెట్టబోయాను. సాల్మన్ అన్న నా మణికట్టు పట్టుకున్నాడు. అంతకుముందు ఎప్పుడూ ఆయన నన్ను తాకలేదు.

"నీ మనిషి వచ్చినాడు తల్లీ. కాంతమ్మ కొడుకు ఇంకా రాలా."

ఆ మాటతో నాకు సిగ్గు, దాని వెనకే మళ్ళీ అదే భయం. మా ఆయన నీళ్ళు కారుతూ నాకు నాలుగడుగుల దూరంలో నిలబడే ఉన్నాడు. నేను సముద్రం వైపు తిరిగాను. సుధాకర్ పేరు పలకడానికి నాకు అడ్డేమీ లేదు. "ఒరే సుధాకరా" అని మొదలుపెట్టాను. వాడి గురించి పాలెంలో అందరూ చెప్పుకునేది ఒకటుంది. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి వాళ్ళమ్మ చేపల గంపలో దూరి పైన మూత పెట్టుకున్నాడు. ఊరంతా వెతికారు, బావిలో గాలం కూడా వేశారు. చివరికి కాంతమ్మక్క గంప ఎత్తుకోబోతే బరువుగా ఉంది. వాణ్ణి ఆటపట్టించడానికి అందరూ వాడే కథ. నేనూ నవ్వుతున్న గొంతుతోనే చెబుతున్నాను. గంప బరువుగా ఉందిరా, మీ అమ్మ మూత మీద చెయ్యి వేసింది, అని నేను అంటుండగా బ్యాటరీ అయిపోయింది.

మంచు విడిపోయాక తెప్ప దిబ్బ దగ్గర కనబడింది. దాని మీద ఎవరూ లేరు. వాణ్ణి మరునాడు అలలే తెచ్చి ఒడ్డున పెట్టాయి.

మా ఆయన ఆ సాయంత్రమే సాల్మన్ అన్న గడప తొక్కాడు. ఇద్దరూ మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆ తర్వాత ఆ గదిలో ఆ వాదన జరగలేదు. కొన్ని నెలలకు కుర్రాళ్ళు ఎవరో వచ్చి, "అన్నా, రెండిట్లో ఏది గొప్పదో తేల్చినావా?" అని నవ్వుతూ అడిగితే ఆయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వాళ్ళు పోయాక బయటికి వచ్చి నాతో చెప్పాడు. "రమణమ్మా, గొట్టంలో ఆ దెబ్బ పోదని నాకు తెలుసు. మైకుసెట్టోణ్ణి, తెలీకుండా ఎట్ట ఉంటాది? అయినా ముందు అదే పెట్టినా. నీ మొగుడు వింటే నేను ఓడిపోయినట్టు ఒప్పుకున్నానని తెలుసుకుంటాడని పెట్టినా. అరగంట పోయింది. ఆ అరగంట నాది." మీ తప్పు లేదన్నా అని అనొచ్చు. అది ఆయన నమ్మడు, నేనూ నమ్మను. ఊరికే పక్కన కూర్చున్నాను. నాకు మాట వచ్చిన చోటే, మాట పనికిరాని చోటు కూడా ఉందని ఆయన పక్కన కూర్చునే తెలుసుకున్నాను.

ఆ తర్వాత పాలెంలో తుపాను కబురు వచ్చినా, జాతరలో పిల్లలు తప్పిపోయినా మైకు నా చేతికే ఇచ్చేవాడు. ఒకసారి జాతరలో దొరికిన పిల్లవాణ్ణి తల్లికి అప్పగించి నేను మైకు ఆపేస్తే, "ఇంకెవురి బిడ్డన్నా ఉండాడేమో అడిగి ఆపు" అన్నాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. బిట్రగుంటలోనే మట్టి చేశారు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, నీళ్ళ మీద ఒడ్డు ఎటో చూపే యంత్రాలున్నాయి. అయినా మంచు కమ్మిన రోజున నన్ను పిలుస్తారు. నేను పోతాను. మైకు పట్టే ముందు మంచినీళ్ళతో చేతులు కడుక్కుంటాను.

నన్ను విడవనిది ఒకటే. నా జ్ఞాపకం గట్టిది, అందరూ మెచ్చుకుంటారు. ఆ ఉదయం నేను మైకులో అన్న మాటలన్నీ వరసగా నాకు గుర్తున్నాయి. వాటిలో ఏదో ఒకటి సుధాకర్‌కు ఆఖరున వినబడి ఉంటుంది. ఏది? అర్థంలేని ఇంగ్లీషా, మా నాన్న చెప్పులా, వాణ్ణి ఆటపట్టించిన గంపా? నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు.

వాడు పోయిన మరుసటి ఏడు కాంతమ్మక్క వరండాకు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఆ పొద్దు నా బిడ్డకు ఏం చెప్పినావో చెప్పు మే, ఒక్కటీ ఇడవబాక" అంది. అంతా చెప్పాను. గంప మూత దాకా వచ్చి ఆగిపోయాను. సాల్మన్ అన్న తన స్టూలు మీద తల వంచుకొని కూర్చుని ఉన్నాడు. "బ్యాటరీ అయిపోయింది అప్పుడు" అన్నాడు మెల్లగా. "ఇప్పుడు కాలా. చెప్పమ్మా."

కాంతమ్మక్క ఇప్పటికీ వస్తుంది. జుట్టంతా తెల్లబడింది, చెవి సరిగా వినబడదు, దగ్గరికి జరిగి కూర్చుంటుంది. నేను గట్టిగా చెబుతాను. గంప బరువుగా ఉంటుంది. ఆమె మూత తీస్తుంది. లోపల ఆరేళ్ళ పిల్లవాడు, ఒంటి నిండా చేపల పొలుసులు, మోకాళ్ళు గడ్డానికి ముడుచుకొని నిద్రపోతుంటాడు. ఊరంతా చుట్టూ చేరి అరుస్తుంటే వాళ్ళమ్మ మూత మళ్ళీ మెల్లగా పెట్టేసి, లేపబాకండి అంటుంది.